నలభై రెండో రోజు

పలమనేరు బైపాసు పక్కన
చింతపండు కోల్డ్ స్టోరేజీలో
మూడో గది మూల ఒక అర మాది.
పుంగనూరు నుంచి దిగిన బుట్టల నడుమ, ఆ పులుపు వాసనలో
తవుడు నింపిన నూట ఇరవై సీసాలు.
సీసాకు రెండు వేల ప్రాణాలు.
కంటికి ఆనవు.
"తవుడుకు గూడా ఏసీనా తల్లీ?"
అంటాడు చింతపండు షావుకారు, పోయినప్పుడల్లా.

ఎర్రనల్లిని తినే నల్లి ఇది.
కళ్ళు లేవు.
ముందరికాళ్ళతో తడుముకుంటా పోతుంది
కరెంటు పోయిన ఇంట్లో అగ్గిపెట్టె వెతికే మనిషి మాదిరి.

మే నెలలో నింపినాము.
బైరెడ్డిపల్లె వంగతోటల వాళ్ళు కావాలన్నారు.
అంతలో వాన కొట్టింది, ఆకుల మీది పురుగు కడుక్కుపోయింది,
ఇప్పుడొద్దు అన్నారు.
ఎనిమిది డిగ్రీల దగ్గర ఆపినాము.

ఆపడమంటే
గడియారంలో బ్యాటరీ పెరికినట్టు కాదు.
పొయ్యి ఆర్పకుండా సెగ తగ్గించినట్టు.
సంగటి అడుగంటుతానే ఉంటాది.

వారానికొక సీసా తెచ్చి
చిక్కుడాకు మీద దులిపి
సన్న కుంచెతో ఒక్కోదాన్ని కదిలిస్తాను.
నడిస్తే గీత, నడవకుంటే సున్న.
మొదటి వారం పేజీ నిండా గీతలు,
అప్పుడే నాటేసిన మడి మాదిరి.
మూడో వారం నడిమధ్య సున్నలు.
ఐదో వారం నుంచి లెక్క తొందరగా అయిపోతా ఉంది.
అది నాకు నచ్చలేదు.

"బతికినాయా లేదా, అది చెప్పు చాలు"
అంటాడు మా ఓనరు తులసీరాం నాయుడు.
బతికినాయి సార్. కానీ...
'కానీ'కి రిజిస్టర్లో గడి లేదు.

నలభై రెండో రోజు
లేచిన ఆడనల్లిని ఒకదాన్ని
ఎర్రనల్లి గుడ్ల మధ్య వదిలినాను.
ఒక గుడ్డు దగ్గర ఆగింది,
అవతలికి పోయింది, మళ్ళీ వచ్చింది,
వచ్చిన పని మర్చిపోయినట్టు.
సాయంత్రానికి సగం తాగింది.
రోజుకు మూడో నాలుగో గుడ్లు పెట్టే జాతి;
మర్నాడు ఏమీ లేదు.
ఆ మర్నాడు
ఈనె పక్కన ఒక్కటే ఒక్కటి,
సగ్గుబియ్యం గింజను వెయ్యి ముక్కలు చేస్తే ఒక ముక్క.

మా పెద్దమ్మ రుక్కమ్మ
తవణంపల్లె దగ్గర మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో
పదకొండేళ్ళు చలిగదిలో డబ్బాలు సర్దింది.
మానేసినాక గూడా
మల్లెలు కట్టేటప్పుడు ఆమె వేళ్ళు
ముడి దగ్గర ఒక్క క్షణం ఆగేవి,
దారమేదో పువ్వేదో అడుగుతున్నట్టు.
దాన్ని ఎవరూ జబ్బు అనలేదు.
కూలికి పోతా ఉంది గదా, వండుకుంటా ఉంది గదా.

నిన్న ఇమాంకాసిం వచ్చినాడు, టీవీఎస్ మీద,
తుప్పు పట్టిన వంగాకు ఒకటి జేబులో మడిచి పెట్టుకుని.
ఎండలు మళ్ళీ ముదిరినాయి, ఆకు కింద బూజు అల్లేసింది.
ఇరవై సీసాలు అన్నాడు.
కొత్త తేదీల కాగితాలు బల్ల మీద ఉండాయి,
అంటించమని ఓనరు పెట్టిపోయినాడు.
అంటించలేదు.
"నలభై తీసుకుపో. ఇరవైకే ఇయ్యి దుడ్లు.
పొద్దు వాలినాక దులుపు."
"ఎందుకమ్మా?"
"చలిలో పడుకుని లేచినాయి. లేచినవి గూడా
ఇంకా పూర్తిగా లేవలేదు."

సీసా చెవి దగ్గర పెట్టుకుని ఊపినాడు.
"సద్దు లేదే."
ఉండదు అన్నాను.
తడి గోనెసంచిలో చుట్టి
బండికి కట్టుకుని పోయినాడు,
గతుకు వచ్చినప్పుడల్లా వెనక్కి చెయ్యి పెడతా.

ఓనరుకు ఏం చెప్పాలో ఇంకా తెలీదు.
లోపలికొచ్చి చూస్తే
ఆకు మీద గుడ్డు లేదు.
పిల్లయి నడిచిపోయిందో,
ఆకలికి తల్లే తాగేసిందో.
తల్లి మాత్రం ఈనె మీదుంది, ముందరికాళ్ళు గాల్లో.
దీపం దగ్గరికి లాక్కుని
ఆకు తిరగేసి వెతుకుతా ఉండాను,
ఎర్రనల్లి కంటే చిన్నది, ఆరు కాళ్ళది,
ఒకటి.