బొగ్గుతో గీసిన మలుపు

పొద్దు గూకినాక గుడిపాల రోడ్డులో
గుజ్జు ఫ్యాక్టరీ కూత పెడతాది.
అప్పుడు మా చేతులు మావి అవుతాయి.
రెండు నెల్ల సీజను. తోతాపురి కోసి కోసి
సొన తిన్న వేళ్లు.
చౌక డిపో మిషను మీద పెడితే
ఎవురు నువ్వు అన్నట్టు ఎర్రలైటు.
మా అమ్మ వేలు పెట్టినా అంతే.
ఇంట్లో ఇద్దురు ఆడోళ్లం,
బియ్యం లెక్కకు ఎవురమూ లేము.

శనివారం సంఘం గదిలో పద్దెనిమిది మందిమి.
తిరపతి నుంచి వచ్చే జ్ఞానశేఖర్ సారు
కాయితాలు పంచినాడు:
'నీకు ఏమేమి వచ్చునో రాయి.'
ఇన్నాళ్లూ ఏమేమి లేదో అడిగినోళ్లే అందరూ —
నాయన ఉండాడా, మరుగుదొడ్డి ఉండాదా, పది పాసా ఫెయిలా.
వచ్చేది రాయమంటే పెన్ను కదల్లేదు.
మస్తానీ నా కాయితం లాక్కోని రాసేసింది:
'మునిరత్న కాయను తట్టి చెప్తాది
ఏ రోజుకు మాగుతాదో.'
సారు నవ్వలేదు. నిజమేనా అన్నాడు.
నిజమే. సూపర్‌వైజరు కూడా నన్నే పిలుస్తాడు,
కూలి మాత్రం మొగపిలకాయల కంటే డెబ్బై తక్కువ.
అదీ రాసుకున్నాం, ఇంకో కాయితంలో.

మరుసటి వారం నేల మీద మా పేటను గీసినాం.
తెల్ల చాక్‌పీసు కొళాయిలకు, పచ్చది చెట్లకు.
పచ్చది పెద్దగా అరగలేదు.
భయమయ్యే చోట్లు గీయాల.
నల్ల చాక్‌పీసు యాడా అమ్మరంట.
గజపతి టీ బంకు పొయ్యిలోంచి బొగ్గు తెచ్చినాడు.
ఆడపిల్లలం గీస్తానే పోయినాం —
ఫ్యాక్టరీ గేటు, రైలుకట్ట కింది సందు,
బ్రాందీ అంగడి ఎదురు, ఏడో స్తంభం కాడి మలుపు.
'నేను ఈల వేసుకుంటా పొయ్యే రోడ్డేనా ఇది?'
గజపతి అడిగినాడు.
మొగపిలకాయలు ఒకటే గీసినారు,
పోలీసు జీపు ఆగే చోటు.
ఎర్రచందనం కేసులో ఎవురో దొరక్కపోతే
గజపతి వాళ్లన్నను ఎక్కించుకోని పోయినారంట.
మేము రోజూ దాటే చోటే అది.

ఈ గీతలు మావి మాత్రమే కాదు.
కెన్యాలో నైవాషా అని ఊరు, రోజాపూల తోటలు.
బొలీవియాలో గనుల కొండ.
ఫోన్లో కనిపించినారు, ముక్కలైన ఇంగ్లీషుతో.
అది వాళ్లదీ కాదు, మాదీ కాదు,
అందుకేనేమో ఎవురికీ సిగ్గు కాలేదు.
వంజీరు అనే పిల్ల చెయ్యి కెమెరా కాడ పెట్టింది.
ముళ్ల గీతలు.
నేనూ నా చెయ్యి పెట్టినా.
గని పిల్లోడు తన చేతిని జేబులోనే ఉంచుకున్నాడు.
ఎవురమూ అడగలేదు.
మీ పూలు యాడికి పోతాయంటే హాలెండంట.
మా డ్రమ్ముల మీదా అదే పేరు.
ఒకే రేవులో దిగుతాయేమో
మా గుజ్జూ ఆమె పూలూ;
మేమైతే సిగ్నలు ఉన్నంత వరకే.

అర్జీ నేనే రాసినా. మూడుసార్లు తిప్పినారు.
మొదటిసారి ఆఫీసరు లేడు. రెండోసారి సంతకం చాల్లేదు.
మూడోసారి 'మీ వెనక ఎవురుండారు?' అన్నాడు గుమాస్తా.
తిరిగి చూసినా.
మెట్ల మీద పదిహేడు మంది,
గజపతి చంకలో మా బొగ్గు పటం ఫొటో,
దేవుడి పటం మాదిరి ఫ్రేము కట్టించి.

ఆడికృత్తిక అయినాక ఏడో స్తంభానికి లైటు వచ్చింది.
డెబ్బై రాలేదు. వేలిముద్ర రాలేదు.
ఆ లైటు పగలు కూడా వెలగతానే ఉండాది,
స్విచ్చి పెట్టేది మరిచిపోయినారు.
ఆర్పమని ఇంకో అర్జీ రాయాల.
మిట్టమధ్యాన్నం వెలిగే లైటును
ఫొటో తీసి పంపినా.

రాత్రికి వంజీరు అడిగింది:
'మేమూ గీస్తాం. ఏ మూల నుంచి మొదలుపెట్టాల?'
ఫోను నా వేలిని గుర్తుపట్టదు.
నాలుగంకెలు నొక్కి తెరిచి
టైపు చేస్తాండాను —
అంగట్లో దొరకదు,
ముందర బొగ్గు వెతుక్కో.