తీగె మెలిక

విజయనగరం గంటస్తంభం వెనక, నా పాతసీసాల కొట్లోకి
తువ్వాల్లో చుట్టి చంటిబిడ్డలా తెచ్చాడు తవిటినాయుడు.
"షాంపేను. దొరల కాలంది.
బంగళాలో మా తాత బట్లరు."

తాతలందరూ ఎక్కడో ఓచోట బట్లర్లే.
నేను మాట్లాడలేదు.

ముందు సీసా అడుగు గుంటలో బొటనవేలు పెట్టాను,
మొదటి కణుపు దాటి మునిగింది.
గాజులో నువ్వుగింజంత బుడగ. మంచిదే.
లేబులు మీద తడివేలు రాశాను:
టీ డికాషన్ పులిమిన మరక కాదు, అసలు చెమ్మే.
సంవత్సరంలో ఒక అంకెని వెండిపురుగు తినేసింది.
దొంగ లేబులు చేసినవాడైతే
ముందు ఆ అంకెనే కాపాడుకునేవాడు.

వెనక సెల్‌ఫోన్ లైటు పెట్టి చూశాం.
మెడలో మూడువేళ్ళ ఖాళీ.
"తాగీసినోడెవుడు?" అన్నాడు.
"గాలి," అన్నాను, పెద్ద తెలిసినవాడిలా.

అప్పుడు కనబడింది బిరడా మీది తీగె.
మెలిక తిరగాల్సినవైపు కాక
ఎదురు తిరిగి ఉంది.
ఎవరో విప్పారు. ఓపిగ్గా మళ్ళీ కట్టారు.
సీసా వంచితే
అడుగునించి మెల్లగా లేచింది
ఒక తేయాకు తునక.

"మీ తాతది ఎడంచెయ్యా?"

నవ్వబోయి ఆగాడు.
"అన్నవొక్కటే కుడిచేత్తో. దెబ్బలకి బయపడి."

గాజుకి రెండొందలిస్తానన్నాను.
వినిపించుకోలేదు. ఆ మెలికని కాసేపు తడిమి
తువ్వాలు మళ్ళీ చుట్టాడు, ఇందాకటికంటే గట్టిగా.

కొట్టు కట్టేవేళకీ అదే ఆలోచన:
చీకటి సామాన్ల గదిలో
బుడగలు ముక్కులోకెక్కి
ఆ బట్లరు
చప్పుడు కాకుండా ఎలా తుమ్మాడో.