మూసే వేళ

గేటు పక్క బోర్డు మీద పన్నెండు వేళలు.
జూన్‌లో తొమ్మిదిన్నర, డిసెంబరులో నాలుగు.
సూర్యుడితో కౌన్సిల్ కుదుర్చుకున్న ఒడంబడిక అది.
అమలు చేసేవాణ్ణి నేను.

బ్రాడ్‌ఫర్డ్ దాటాక, బస్సు వెనక్కి తిరిగే చోట,
నూట తొంభై ఎకరాలు, ఐదు గేట్లు,
నడుముకి పదకొండు తాళంచెవులు.
వాటిలో రెండు ఏ తాళాలవో
నాకు ముందు చేసిన క్లెమ్‌కీ తెలియదు.

వచ్చేవాళ్ళని పేర్లతో కాదు,
పారేసుకున్న వాటితో గుర్తుపెట్టుకుంటాను.
కంచె ఊచకి ఒంటరి ఉన్ని గ్లవ్
(ఎవరో తీసి తొడుగుతారు, ఎవరో ఎప్పుడూ తెలియదు),
వానలో అది ట్రాఫిక్ పోలీసులా
చెయ్యెత్తి నిలబడుతుంది, ఆగేవాళ్ళు లేకపోయినా.
ఒకసారి టెన్నిస్ కోర్టు దగ్గర పళ్ళసెట్టు.
వారమంతా డబ్బాలో దాచాను. ఎవరూ రాలేదు.
ఏ నోరు పెట్టుకుని అడుగుతారు?

ఆదివారాలు తైమూర్ జట్టుకి పదకొండోవాడు తక్కువ.
కుక్కల్ని తిప్పేవాళ్ళని బతిమాలతాడు,
ఐస్‌క్రీమ్ బండి వాణ్ణి బతిమాలతాడు.
నన్నూ ఒకసారి బౌండరీ దగ్గర నిలబెట్టాడు.
పరిగెత్తబోతే గుత్తి గల్లుమంది,
బౌలర్ సగంలో ఆగి
ఏ గుడి గంటో అన్నట్టు చుట్టూ చూశాడు.

అవతల బౌల్స్ ఆడే ముసలివాళ్ళు
బంతిని పచ్చిక మీద వదిలి
దాని వెనకే నాలుగడుగులు వేస్తారు, ఓ పక్కకి ఒరిగి,
తాము ఒరిగితే అదీ ఒరుగుతుందన్నట్టు.
పిల్లకి మొదటిసారి సైకిలు వదిలిన తల్లి
సరిగ్గా అలాగే ఒరగడం చూశాను.

కిందటి సెప్టెంబరు ఆఖరి ఆదివారం.
మూసే వేళ ఆరున్నర.
చెరువు నడిమధ్య
ఎల్సీ హార్‌గ్రీవ్స్ పడవ ఆగిపోయింది.
మూరెడు పడవ, టీ పెట్టె చెక్కతో తనే చేసుకుంది,
తెరచాప పాత గొడుగు గుడ్డ.
రిమోట్ లేదు, దారం లేదు.
గాలికి వదలడం, చుట్టూ నడిచి
అవతలి ఒడ్డున అందుకోవడం.
ఎనభై ఒకటో ఏట ఆమెకి వ్యాయామం అదే.

గాలి లేదు.
చెప్పబోయిన మాట మరిచిపోయిన మనిషిలా
పడవ అక్కడే నిలబడింది.
నేను తాళాలు ఆడించాను, మర్యాదగానే.
"నన్నెందుకంటావ్, గాలిని అడుగు" అంది.

ముందు జాగింగ్ చేసే పిల్ల ఆగింది.
తర్వాత మోకాళ్ళ దాకా గడ్డి మరకలతో క్రికెట్ వాళ్ళు.
స్కేట్‌బోర్డు కుర్రాడు బూట్లు విప్పబోయాడు:
నడుం లోతే, పట్టుకొస్తా.
ఎల్సీ వద్దంది.
"నువ్వు మోసుకొస్తే అది వచ్చినట్టా?"
ఎవరో పసివాడు బుగ్గలు పూరించి ఉఫ్ అన్నాడు.
ఇక చూసుకోండి, నలభైమంది,
సిగ్గు విడిచి, ఒడ్డున బారులు తీరి ఉఫ్ ఉఫ్ ఉఫ్.
తైమూర్‌కి దగ్గొచ్చింది.
పడవ కదల్లేదు.
బోగ్దాన్ కుక్క మాత్రం దూకింది,
దాని అలలకి పడవ ఇంకాస్త దూరం పోయింది.

అప్పుడెవరూ మాట్లాడలేదు. ఏడయింది.
ఊళ్ళో తలోవీధి వాళ్ళం,
బజార్లో ఎదురైతే తల తిప్పుకునేవాళ్ళం,
ఒకే వైపు చూస్తూ నిలబడ్డాం.
పనేమీ లేకుండా అంతసేపు
ఇంకొకళ్ళ పక్కన నేనెప్పుడు నిలబడ్డానో గుర్తు లేదు.

ముందుగా పాప్లర్ ఆకులు తెల్లగా తిరగబడ్డాయి.
తర్వాత నీళ్ళ మీద ఓ ముడత.
గొడుగు గుడ్డ పొట్ట ఉబ్బించుకుని
పడవ బయల్దేరింది, అనుకున్న ఒడ్డుకి కాదు,
మురుగు గొట్టం పక్క జమ్ములోకి.

ఎల్సీ వెళ్ళి తీసుకుంది, నీళ్ళు వంచింది,
చంకలో పెట్టుకుంది.
నన్ను దాటుతూ, "ఆలస్యం చేస్తున్నావ్, తాళం వెయ్యి" అంది.

పుస్తకంలో ఆరున్నర అనే రాశాను.
అయిదో గేటు దగ్గర చీకట్లోకి అలవాటుగా అరిచాను:
లోపల ఇంకెవరైనా ఉన్నారా?
బాతొకటి పలికింది.
అది లెక్కలోకి రాదు.