ఒకసారి చూడొచ్చు

జగదాంబ నుంచి కిందికి దిగే వాలులో
నూకాలు టీబండి చక్రాలకి రెండు రాళ్లు అడ్డం.
అవి తీస్తే బండి తిన్నగా సముద్రంలోకే పోతుందంటుంది.
ఎవరూ తియ్యరు గనుక మేమూ అక్కడే ఉంటాం,
రెండో ఆట వదిలాక, పోర్టు సైరన్‌కి ముందు,
గ్లాసులో సగం టీ, సగం తీర్పు.

దాలినాయుడికి ఏ సినిమా అయినా
ఫస్టాఫ్ బాగుంటుంది, సెకండాఫ్ లాగుతుంది.
పెళ్లెలా ఉందని అడిగినా అదే చెప్పాడోసారి.
కరీముల్లా ఒకప్పుడు రీళ్లు తిప్పినవాడు.
మూతబడ్డ హాలు తాళంచెవి
ఇంకా అతని జేబులోనే ఉందని మా అనుమానం.
కథ చూడడు, వెలుతురు చూస్తాడు.
"మొహాలన్నీ మైదాపిండి. వద్దు."
స్టీల్‌ప్లాంటులో బీ షిఫ్టు దిగి వచ్చే సుగుణరావు
టిక్కెట్టుని నిమిషాలతో భాగిస్తాడు.
"రూపాయి పావలా పడింది నిమిషానికి.
ఏడ్చినవి తీసెయ్, అవి ఫ్రీ."

నేనా?
"ఒకసారి చూడొచ్చు" అంటాను.
ఎవరికీ కోపం రాని మాట.
కూరలో ఉప్పు తక్కువైందని
అత్తగారికి చెప్పలేని కొత్తల్లుడి మాట.
అద్దెకి చూసిన ఇళ్లన్నిటి గురించీ
నేనదే అన్నాను.

ఆ రాత్రి ఎల్లాజీ వచ్చాడు.
పద్దెనిమిది రోజుల వేట.
చొక్కా మార్చాడు గాని డీజిల్ వాసన మారలేదు.
సిమెంటు రోడ్డు మీద కూడా
కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు,
రోడ్డు ఎప్పుడు ఒరుగుతుందో అన్నట్టు.

"రేపు సాయంత్రం ఒక్క ఆట సూడగలను.
ఎల్లుండి తెల్లారగట్ల ఐసు ఎక్కించెస్తారు.
ఏది సూడమంటారు?"

గొడ్డలి సినిమా, అన్నాడు దాలి.
రోజూ చేపలు కోసేవాడికి ఆ రక్తం ఎందుకన్నాడు సుగుణరావు.
పోనీ, వానలో తడుస్తూ ప్రేమించుకునేది?
"వాన సూసే వస్తన్నాను."
చచ్చి లాయరై పుట్టినవాడిది ఒకటుంది,
దాని పేరెత్తడమే దండగని
నలుగురం మొదటిసారి ఒక్క మాట మీదికొచ్చాం.

"నిషేధం రెణ్ణెల్లూ ఒడ్డు మీదే గదా,
అప్పుడు అన్నీ చూసుకో" అన్నాను.
"అప్పుడు టైముంటాది. టిక్కెట్టుండదు"
అని తన గ్లాసు తనే కడిగి బోర్లించాడు.

ఒకసారి చూడొచ్చు, నోటిదాకా వచ్చింది.
ఒక్కసారే చూడగలిగినవాడికి
ఆ మాట ఎలా చెప్పాలో తెలీలేదు.

కరీముల్లా అడిగాడు,
"నీళ్ల మీద రాత్రుళ్లు ఏం చూస్తావోయ్?"
"దూరంగా ఓడల లైట్లు.
ఎవలు ఎక్కడికెల్తన్నారో తెల్దు గాని
బాగుంటాది."
"అది స్కోపు" అన్నాడు ముసలాయన,
ఆ రాత్రి ఇంకేమీ మాట్లాడలేదు.

మర్నాడు రాత్రి ఎల్లాజీ మళ్లీ బండి దగ్గర.
లాయర్ సినిమాకెళ్లాడు.
అయ్యో, అన్నాం.

"ఏసీ బాగుంది. కుర్చీ కదల్లేదు.
ఇన్నాళ్లకి కదలని దాంట్లో కూకున్నాను.
పేర్లు పడతన్నప్పుడే నిద్దరట్టీసింది.
ఇంటర్వెల్‌లో ఎవడో కాలు తొక్కి లేపినాడు,
మల్లీ పడుకున్నాను."

నిద్ర నిమిషాలు కలపాలో తీసెయ్యాలో తేలక
సుగుణరావు వేళ్లు మధ్యలో ఆగిపోయాయి.

"అయితే బాగుందంటావా?"
ఎల్లాజీ చాలాసేపు ఆలోచించాడు.
"ఫస్టాఫ్ పర్లేదు.
సెకండాఫ్ ఇంకా బాగుంది."

దాలినాయుడు నోరు తెరిచి, మూశాడు.
నూకాలు నవ్వుతూ పాలు పొంగించేసింది.

శుక్రవారం మళ్లీ కొత్తది వచ్చింది.
చూడొచ్చా, అని ఎవరో కాలేజీ కుర్రాడు అడిగితే
కుర్చీలెలా ఉన్నాయి, అన్నాను.