లద్దె లెక్క

మొదటిసారి డొక్క వైపు తిరిగి చూసుకుంది,
ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు.
రెండోసారి, వారం తిరక్కుండానే,
తడిగడ్డిలో పడుకుంది, లేచింది, మళ్ళీ పడుకుంది.
ముప్పావు గంట.
తర్వాత ఏమీ జరగనట్టు
నా జేబులో కారెట్ కోసం మూతి దూర్చింది.

పియోడెన్ అంటే మా వెల్ష్ మాటలో
ఒక నలుపూ తెలుపూ పిట్ట.
దీనికి పందొమ్మిదేళ్ళు.
పళ్ళరిగాయి గాని పొగరు అరగలేదు.

లద్దె పంపాను పరీక్షకి.
గుడ్లు సున్నా అని జవాబు.
"సున్నా అంటే లేవని కాదు" అంది
పశువుల డాక్టరు నెరిస్.
బద్దె పురుగు గుడ్లు విడివిడిగా రాలవట,
తెగిన ముక్కలో మూటకట్టుకుని వస్తాయట.
నువ్వు తీసిన ముద్దలో మూట లేకుంటే
లెక్కలోనూ ఉండదు.
ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పినదాన్ని,
సున్నాను నమ్మొద్దని
నాకొకరు చెప్పడం ఇదే మొదలు.

సరే, ఉమ్ము పంపమంది.
పళ్ళు లేని సందులోంచి పుల్ల దూర్చి
దూది కొస గులాబీ రంగు తిరిగేదాకా నిలబడ్డాను.
పోస్టాఫీసులో అడిగారు కవరులో ఏముందని.
"గుర్రం ఉమ్ము."
నా వెనకాల వరుస కాస్త వెనక్కి జరిగింది.

ఆ పది రోజులూ
తోపుడు బండితో పొలమంతా లద్దె ఎత్తాను.
గడ్డి మొదట్లో, నాచులో, కంటికానని నల్లులు.
లద్దెలో గుడ్డును అవి తింటాయి,
గడ్డితో పాటు వాటిని ఇది తింటుంది.
ఎవరి ఆకలి వాళ్ళది.
ఎవరిని తిట్టను?

జవాబు వచ్చింది: ఎక్కువ.

మా తాత పొగాకు పట్టేవాడు, టర్పెంటైన్ పట్టేవాడు.
ఆ గుర్రాలు మందు వల్ల బతికాయో
మందును తట్టుకుని బతికాయో.
నేను ఛాతీ చుట్టూ టేపు పెట్టి కొలిచాను,
నాలుగు వందల అరవై రెండు కిలోలు.
మూడు రోజులు ఖాళీ గొట్టంలో ఆపిల్ గుజ్జు పెట్టి
మంచి చేసుకున్నాను.
నాలుగో రోజు మందు.
దవడలో దాచుకుంది దొంగ,
నేను అటు తిరిగితే ఊసేద్దామని.
గడ్డం కింద భుజం ఆనించి
గుటక వినపడేదాకా కదల్లేదు.
ఇద్దరికీ ముసలి మెడలే.

రెండు రోజులు కొట్టంలోనే కట్టేసి,
చేతులకు తొడుగులేసుకుని
ఒక్కో ముద్దా విరిచి చూశాను.
రెండో పొద్దున దొరికింది:
నానబెట్టిన గుమ్మడిగింజలా
పాలిపోయి, పలచగా, ఒక్కటే.
చిన్నపేగు పెద్దపేగులో కలిసే చోట
గుంపుగా కరుచుకుంటాయట ఇవి.
మిగతావి లోపలే కరిగి ఉంటాయంది నెరిస్.
నేను గెలిచినట్టు అరవాల్సింది.

ట్వమ్ గుర్తొచ్చాడు.
గ్విలిమ్ మనవరాలి పొట్టి గుర్రం.
వేసవంతా దీని పక్కనే మేశాడు,
కంచె విరిగిన చోట నుంచి,
ఆ కంచె ఎవరు వేయాలో తేలకనే
గ్విలిమ్‌కీ నాకూ ఎనిమిదేళ్ళుగా మాటల్లేవు.

జామ్ సీసాలో వేసుకుని వెళ్ళాను.
సీసా వంక చాలాసేపు చూశాడు.
"మాది రెండు నెలలకోసారి మందు తాగుతుంది."
"అన్ని మందులూ దీన్ని చంపవు."
ఎవరిది ఎవరికి అంటిందో
ఇద్దరమూ అడగలేదు.
మబ్లి సీసాను కిటికీ వెలుగులో తిప్పి
"దీనికి కళ్ళుంటాయా?" అంది.
ఉండవన్నాను.
"మరి దారెలా తెలుస్తుంది?"

గ్విలిమ్ టోపీ పెట్టుకున్నాడు.
"ఆ పుల్ల ఇంకోటుందా?"
ఉంది, కోటు జేబులో, అందుకే తెచ్చాను.
పెరట్లోకి నడిచాం ముగ్గురం.
వాన మొదలైంది.
ట్వమ్ నోరు తెరవనన్నాడు.