దండెం లెక్క

మల్లేశ్వరం ఎనిమిదో క్రాసు, రెండో అంతస్తు,
కిటికీ పక్కన నా డ్రాయింగు బల్ల.
మూడు వందల కిలోమీటర్ల అవతల
జలపాతం కింద టర్బైన్లు బిగిస్తున్నారట.
నేను చూడలేదు.
గ్రాఫు కాగితం మీద కొండలు మాత్రం
పెన్సిలు ముక్కుతో ఎక్కి దిగాను,
మడమలు నొప్పి పెట్టకుండా.

తీగలకి జంతువుల పేర్లు పెట్టారెవరో:
కుందేలు, కుక్క, చిరుత.
మా లైనుకి జీబ్రా.
మోసేది అల్యూమినియం, యాభై నాలుగు పోగులు.
లోపల ఏడు పోగుల ఉక్కు, ఊరికే పట్టుకుని ఉంటుంది.

"తీగ ఎంత బిగించాలమ్మా?"
మొదటి రోజే అడిగారు కృష్ణోజీ రావుగారు.
సూత్రం అప్పజెప్పాను.
"అది సరే. మీ ఇంట్లో దండెం ఎవరు కడతారు?"

నేనే కడతాను.
డాబా మీద, నీళ్ళ తొట్టికీ మెట్ల చువ్వకీ నడుమ.
పుష్యమాసం పొద్దున బిర్రుగా ఉంటుంది,
ఏప్రిల్లో తడి చీర పడితే అంచు నేలని తుడుస్తుంది.
చలికి తెగకూడదు.
ఎండకి ఏడు మీటర్ల కన్నా కిందకి జారకూడదు.
ఈ రెండు కూడదుల మధ్య ఒక వంపు ఉంది.
దాన్ని సెల్యులాయిడ్ మీద గీసి, బ్లేడుతో కోసి,
కొండల మీద జరుపుకుంటూ పోయాను
పదకొండు నెలలు.

నూట పద్దెనిమిదో టవరు దగ్గర ఆగాను.
సర్వేయరు గుత్యప్ప మార్జిన్‌లో రాశాడు కన్నడంలో:
"పోకతోట. నలభై ఏళ్ళ చెట్లు.
ఆమె ఏమీ మాట్లాడలేదు. మజ్జిగ ఇచ్చింది."

గాలికి కాలమ్ ఉంది.
మైసూరు సీమలో ఎన్నడూ పడని మంచుకీ ఉంది.
మజ్జిగని ఎక్కడ వెయ్యను?

టవరుని లోయ దాటించి అవతలి గుట్ట మీద పెట్టాను.
చెట్ల తలలు కిందే ఉండిపోతాయి.
ఉక్కు ఎనిమిది టన్నులు ఎక్కువ.
ఆ ఎనిమిది మీద ఎర్ర పెన్సిలు ఆనించి
కృష్ణోజీ రావుగారు చాలాసేపు తియ్యలేదు.
తర్వాత సంతకం పెట్టారు.

నూట ముప్పై ఒకటి దగ్గర అలాంటి గుట్ట లేదు.
గుత్యప్ప కూడా ఏమీ రాయలేదు.
చెట్లు నేనే లెక్కపెట్టాను.
లెక్కపెట్టే, గీత గీశాను.

లైను చార్జ్ చేసిన సాయంత్రం
బెంగళూరులో ఏ దీపమూ కొత్తగా వెలగలేదు.
వెలిగేవే వెలిగాయి.
అమ్మ చట్నీకి మిక్సీ తిప్పింది.
కొబ్బరి నలిగే ఆ మోతకి
నేనొక్కదాన్నే
కూర్చున్నచోటి నుంచి లేచి నిలబడ్డాను.