జీరో టికెట్

ఒక్క ఏడాదిల మూడుసార్లు నిమ్ము.
నోట్ల తెల్లటి పొక్కు, గొంతు దాంక.
కడుపు నిలవదు.
"దుమ్ముల తిరుగుతవు, గందుకే" అన్నడు
గుర్రంపోడు ఆరెంపీ.
ఇరవై రెండేండ్లు
దేవరకొండ నల్లగొండ బస్సుల తిరిగినదాన్ని,
దుమ్ముకు నేను కొత్తనా?

నల్లగొండల స్కానింగు తీసిన్రు.
ఎదబొక్క ఎనక, గుండె ముంగట
బత్తాయంత గడ్డ.
మా దిక్కు దేన్నైనా బత్తాయితోనే కొలుస్తం.
డాక్టరమ్మ గూడ అట్లనే కొలిచింది.

థైమస్ అంట దాని పేరు.
చిన్నప్పుడు అందరికుంటదంట,
పసి కణాలకు బడి లెక్క.
ఎవరు మనోళ్ళు, ఎవరు కానోళ్ళు
నేర్పి ఒంట్లకు తోలుతదంట.
పెద్దయినంక ఆ బడి దానంతటదే మూతబడి
ఇంత కొవ్వు మిగులుతదంట.
నా బడి మూతబడలే.
యాభై ఒకటో ఏట,
పిల్లల్లేకుంట, పంతులు లేకుంట
అర్ర మీద అర్ర కట్టుకుంట పోయింది.

రక్తం కాయితం చూసినంక ఆమె పెన్ను ఆగింది.
కాపలా కాసేటియి అడుగంటినయి,
వాటిని పుట్టించే బి కణాలు సున్నా.
"సున్నా అంటే ఎంతమ్మా?" అన్నడు
మా వెంకులు, చేతిల టోపీ నలుపుకుంట.

సున్నా నాకెరుకలేదా.
ఆడోళ్ళకు ఫ్రీ అయినకాడికెల్లి
దినాం రెండు మూడు వందల సున్నాలు
మిషన్ల నుంచి చింపి ఇచ్చినదాన్ని.
"పైసల్లేనిదానికి కాయితమెందుకు బిడ్డా" అనేది
కనగల్ల ఎక్కే ముసలామె
మిరపకాయల మూట మీద కూసోని.
పట్టుకో అవ్వా, అనేదాన్ని.
సున్నాకు గూడ లెక్కుంటది.
చెకింగోళ్ళొస్తే
సున్నా లేనోళ్ళకే జుల్మానా.

పట్నంల ఎద కోసి గడ్డ తీసిన్రు.
"ఇగ కాపలా మల్ల వస్తదా?"
"రాదు. చానమందికి రాదు."
"ఎందుకట్ల?"
"మాకూ తెల్వదు" అన్నది పెద్ద డాక్టరు.
నాలుగు దవాఖాన్లు తిరిగితే
తెల్వదన్నది ఆమె ఒక్కతే.
ఆ రాత్రి కండ్లు నిండ నిద్రపోయిన.

ఇప్పుడు నాలుగు వారాలకొక మాపు
చేతికి సూది, కొక్కానికి సీసా.
ఇందుల ఏముందక్కా అంటే
నర్సు ఫిలోమిన సన్నగ నవ్వింది.
"వేలమంది ఇచ్చిన రక్తంల నీళ్ళు.
వాళ్ళ కాపలా ఒడగట్టి తెచ్చిన్రు నీకు."

వేలమందా.
నా బస్సుకు సీట్లు యాభై గూడ లేకుండె.
జాతర నాడు నూటిరవై కుక్కిన, మెట్ల మీద నలుగురు,
డ్రైవర్ జానిమియా తిట్టుకుంటనే గేరేసిండు.
ఇప్పుడు నా మోచేతి స్టాపుల
ఒక్కొక్కరే ఎక్కుతున్నరు.
తట్టు పోసి బతికినోళ్ళు,
వానకాలమంత దగ్గి దగ్గి లేసినోళ్ళు,
ఏ ఊరో ఏ భాషో,
నా మొకం చూడనోళ్ళు.
ముందుకు జరుగుండ్రి, ముందుకు జరుగుండ్రి
అంట లోపల లోపల.
ఒక్కరికన్న టికెట్టు కొట్టలే.

మూడు వారాలు నిండుగ తిరుగుతరు.
నాలుగో వారం ఒక్కొక్కరే దిగిపోతరు.
గా వారం నేను మొగులు చూసినా భయపడత.
సీసా రేటెంతో వెంకులు చెప్పడు.
జీతం చీటీ నాలుగు మడతలేసి
అంగి లోపలి జేబుల పెట్టుకుంటడు.

డిపోల కూసోబెట్టిన్రు నన్ను,
అద్దం ఎనక, పాసుల కౌంటర్ల.
మొన్న కనగల్ ముసలామె వచ్చింది.
దగ్గొచ్చి మొకం అటు తిప్పుకున్నది,
కొంగు అడ్డం పెట్టుకున్నది,
నాలుగడుగులు ఎనకకు పోయింది.
"నీ కాడికి రాను బిడ్డా,
ఉన్ననని చెప్పిపోదామని."
ముడి ఇప్పి, ఒక కాయితం ముక్క
దూరంకెల్లే ఎత్తి చూపిచ్చింది.
అక్షరాలు ఎలిసిపోయినయి.
సున్నా మాత్రం కానొస్తున్నది.
నేను కొట్టిందే.